రోహిణి కార్తె నుంచి వెనక్కి లెక్కపెట్టండి

(ఒంగోలులో మిద్దెతోటలు పెంచేవాళ్ళు ఒక ఆదివారం ఉదయం కూడినప్పుడు, కందుకూరు దగ్గర నారు పెంచే ఒక రైతు చేసిన ప్రసంగం. రికార్డింగు విని రాసిన పాఠం.)

అందరికీ నమస్కారం. మైకు వెనక దాకా వినపడతా ఉందా? సరే.

నేను చదువు చెప్పే మనిషిని కాదు. షేడ్‌నెట్ కింద నారు పెంచి అమ్ముకునే పని మాది. మిరప, వంగ, పుచ్చ, బంతి. రైతులు ముందే చెప్పి పోయించుకుంటారు, నారు ముదిరే రోజుకి ఆటో వేసుకొచ్చి ట్రేలు ఎత్తుకుపోతారు. మిద్దెల మీద పెంచేవాళ్ళకి నేనేం చెప్పేదని ముందు జంకాను. తర్వాత అనుకున్నా, పదెకరాలకైనా పది కుండీలకైనా గింజ మొలిచే తీరు ఒకటే గదా అని.

ఇందాక గేటు దగ్గర ఒకమ్మ నన్ను ఆపింది. రథసప్తమికి చిక్కుడుకాయలతో రథం చేశారంట, ముదురు కాయలు మిగిలితే గింజలు తీసి కుండీలో పెట్టారంట. "అన్నా, అన్నీ మొలిచినయ్యి" అని సంతోషంగా చెప్పారు. మొలుస్తాయమ్మా. తీగ కూడా పిట్టగోడ దాటి పక్కింట్లోకి పారుతుంది. కాయ మాత్రం కాయదు. (నవ్వులు) నవ్వకండి, ప్రతి ఏడూ ఎవరో ఒకరు చేసే పనే ఇది. పందిరి చిక్కుడు రాత్రి పొడుగ్గా ఉంటేనే పూతకొస్తుంది. కార్తీకం, మార్గశిరం దాని కాలం. ఇప్పటి నుంచి పగలు పెరుగుతా పోతుంది కాబట్టి ఆకే వేసుకుంటా కూర్చుంటుంది. ఇంకా గింజలు మిగిలుంటే వాటిని బాగా ఆరబెట్టి, బూడిదలో కలిపి, మూత గట్టిగా ఉన్న డబ్బాలో పోసుకోండి. ఆషాఢం వెళ్ళాక పెట్టుకుంటే సంక్రాంతికి కూర.

అంటే నేను చెప్పొచ్చేదేందంటే, మొలవడం గొప్ప కాదు. ఎప్పుడు మొలిచిందన్నది చూసుకోవాల.

మా మేనకోడలు టొరంటోలో ఉంటుంది. దానికీ మొక్కల పిచ్చే. మార్చిలో వీడియో కాల్ చేసి "మామయ్యా, టమాటా గింజలు వేశాను చూడు" అంటుంది. చూస్తే ఇంటి కింద గదిలో బల్ల, బల్ల మీద కరెంటుతో వెచ్చబడే చాప, దాని మీద ట్రే, పైన లైట్లు. కిటికీలోంచి చూపిస్తే బయట తెల్లగా మంచు. వాళ్ళకి మే నెల వచ్చేదాకా రాత్రిళ్ళు మొక్క గడ్డకట్టి చచ్చిపోయే చలి ఉంటుంది. ఆ చలి పోయే రోజు ఒకటి అంచనా వేసుకుని, అక్కడి నుంచి ఆరు వారాలో ఎనిమిది వారాలో వెనక్కి లెక్కేసి గింజ వేస్తారు. చలి పోయేసరికి నారు చేతిలో తయారుగా ఉండాలని. ఆ వీడియోలే మీరూ చూస్తున్నారు, ఫిబ్రవరి, మార్చి అంటే టమాటా వేసే నెల అనుకుంటున్నారు.

లెక్క మంచిదే. మనమూ వెనక్కే లెక్కపెట్టాల. కాకపోతే మనకి గడువు పెట్టేది చలి కాదు, రోహిణి కార్తె. మే 25 ప్రాంతంలో వస్తుంది. రోళ్ళు పగులుతాయని పెద్దవాళ్ళు ఊరికే అనలా. ఆ ఎండకి, ఆ పడమటి గాలికి, నిన్నగాక మొన్న నాటిన మొక్క ఏదీ నిలవదు. వేరు కుండీ అడుగుదాకా దిగినదే నిలుస్తుంది. కాబట్టి మన వసంతం పంచాంగంలో ఉగాదికి మొదలైనా, నారు పనికి మాత్రం అప్పటికే అయిపోవచ్చినట్టు. సంక్రాంతి వెళ్ళిన దగ్గర్నుంచి శివరాత్రి దాటి పది రోజుల దాకా, అదీ మనకున్న వసంతం.

టమాటా సంగతే చూడండి. ఇవాళ గింజ వేస్తే ట్రేలో ఇరవై అయిదు రోజులు. నాటాక పూతకి ఇంకో నెల. ఏప్రిల్లో పడ్డారా? ఏప్రిల్లో ఒంగోలులో రాత్రి ఫ్యాన్ లేకుండా ఎవరైనా పడుకోగలరా? టమాటాకి రాత్రి చల్లబడకపోతే పుప్పొడి పనిచేయదు. పూత వస్తుంది, కాడతో సహా రాలిపోతుంది. మీరు పురుగు అనుకుని వేపనూనె కొడతారు. పాపం వేపనూనె ఏం చేస్తుంది? టమాటా ఆశ ఉన్నవాళ్ళు దసరా వెళ్ళాక రండి, మాట్లాడుకుందాం.

ఇప్పుడు వేయాల్సినవి బెండ, గోరుచిక్కుడు, గోంగూర, తోటకూర, తీగజాతులు. వంగ, మిరప ఇంకో వారంలో ట్రేలో పడితే పరవాలేదు. తీగజాతుల్లో ఒక మెలిక ఉంది. సొర, బీర, కాకర, దోస... వేడి పెరిగి పగలు పొడుగయ్యే కొద్దీ మగపూలు ఎక్కువ, ఆడపూలు తక్కువ వేస్తాయి. మార్చి ఆఖర్లో గింజ పెట్టి "తీగ నిండా పూలే, పిందె లేదు" అని ఫోన్ చేసేవాళ్ళు ఇందుకే. ఇప్పుడు పెడితే ఎండ ముదిరేలోగా నాలుగు కాయలు తింటారు.

కాకర గింజ మొండిది. పెంకు మందం. రాత్రి గోరువెచ్చని నీళ్ళల్లో నానేసి, కొసని గోళ్ళు తీసే కత్తెరతో కొంచెం చిదిమి, తడిగుడ్డలో మూటకట్టి వంటింట్లో పొయ్యి పక్కన పెట్టండి. నెల్లూరు వైపు ఎడగారు వరికి నారు పోసేవాళ్ళు మండె కడతారు చూడండి, ఒడ్లు ఒక రోజు నానేసి, నీళ్ళు వంచి, గోనె కప్పి ఒక రోజు ఉంచితే ముక్కు పగులుతుంది. అదే పని, చిన్న మూటలో. రెండు మూడు రోజులకి తెల్లగా మొన కనపడగానే నాటేయండి. మొన పొడుగయ్యేదాకా ఉంచితే నాటేటప్పుడు విరుగుతుంది, విరిగితే ఆ గింజ పోయినట్టే. పాత గింజలుంటే ముందు పది తీసి ఇట్లాగే మూట కట్టండి. ఏడు మొలిస్తే సరే. మూడు మొలిస్తే గింజ మీద ఆశ వదులుకోండి.

ఎంత లోతు పెట్టాలని అడుగుతారు. గింజ మందానికి రెండింతలు. సొరగింజ వేలి కణుపులో సగం దిగితే చాలు. తోటకూర గింజ అసలు దిగనే కూడదు. మా తాత పొగనారు పోసేవాడు. పొగాకు గింజ మీరు చూశారో లేదో, గ్రాముకి పదకొండు పన్నెండు వేలు తూగుతాయి. చేతిలో ఉంటే దుమ్మనుకుంటారు, దగ్గితే ఎగిరిపోతాయి. తాత వాటిని ఇసకలో కలిపి, గాలి లేని పొద్దుటి పూట మడి మీద చల్లేవాడు. మన్ను కప్పేవాడు కాదు. దాని మీద పల్చగా గడ్డి పరిచి, రోజ్‌క్యాన్‌తో, అదే జల్లెడ మూతి క్యానుతో, నీళ్ళు. ఎన్నిసార్లు పోసేవాడంటే, నాకు చిన్నప్పుడు ఆయన్ని తల్చుకుంటే క్యాను పట్టుకున్న భుజమే గుర్తొచ్చేది. చీమలు ఎత్తుకుపోకుండా మడి చుట్టూ బూడిద. తోటకూరకి మీరు చేయాల్సింది అదే, ఇసకలో కలిపి చల్లి, పైన అరచేత్తో అద్దడం. చీమల సంగతి కూడా అదే.

ఇంక నీళ్ళు. నారు పోసినవాడు నీరు పోయడా అంటారు. పోస్తాడు, మరీ ఎక్కువ పోస్తాడు! మా దగ్గర నారు ఎండి పోయింది తక్కువ, కుళ్ళి పోయింది ఎక్కువ. నారుకుళ్ళు ఎట్లా ఉంటుందో చెప్తా, మీ ఇంట్లో ఈపాటికే ఎవరికో వచ్చి ఉంటుంది. రాత్రి పచ్చగా నిలబడ్డ నారు పొద్దున్నే లేచి చూస్తే పక్కకి పడుకుని ఉంటుంది. ఆకు వాడలేదు, రంగు మారలేదు. వంగి చూస్తే కాడ మట్టిని తాకే చోట నీరు పట్టినట్టయి, దారంలాగా సన్నబడి ఉంటుంది. ఒక మూల మొదలై చెయ్యి వెడల్పున గుండ్రంగా పాకుతుంది. మట్టిలో బూజు అది, తడి ఆరకుండా ఉంటే పండగ చేసుకుంటుంది. పడిపోయిన మొక్క లేవదు. చుట్టూ ఉన్నవాటిని కాపాడాలంటే లీటరుకి మూడు గ్రాముల కాపర్ ఆక్సీక్లోరైడ్ కలిపి మొదళ్ళు తడిచేట్టు పోయండి. నీళ్ళు పొద్దున పూట పోయండి. సాయంత్రం పోసి తడి ఆకుతో పడుకోబెట్టకండి. వేలు పెట్టి చూస్తే పైన అరంగుళం ఆరినట్టు తెలియాల, అప్పుడు పోయాల.

కోకోపీట్, అదే ట్రేల్లో నింపే కొబ్బరిపీచు పొట్టు, దాని గురించి నా బాధ ఒకటి చెప్పుకుంటా. కొన్నేళ్ళ కిందట ఒక చోటి నుంచి ఇటుకలు తెప్పించాను. కడిగిన సరుకే అన్నారు. పని తొందరలో నేనూ నానబెట్టి నింపేశాను. 300 ట్రేలు వంగ. ట్రేకి 98 గుంతలు, లెక్క కట్టుకోండి, ఇరవై తొమ్మిది వేల పైచిలుకు మొక్క. మొలిచింది బాగానే. రెండో ఆకు దగ్గర ఆగింది. ఆకు అంచులు కాలినట్టయినయ్యి. ఎరువు తక్కువేమో అని ఎరువునీళ్ళు పోశాను, ఇంకా కాలింది. పన్నెండో రోజో ఏమో, మా ఆవిడ గుప్పెడు పీట్ పిండి, ఆ నీళ్ళు నాలిక మీద వేసుకుని ఉమ్మేసింది. "ఉప్పు కషాయం" అంది. కొబ్బరిపీచులో ఉప్పుంటుంది, సముద్రం పక్కన చెట్లు గదా, నానబెట్టేది కూడా ఒక్కోచోట ఉప్పునీళ్ళల్లోనే. అమ్మినవాళ్ళు ఫోన్ ఎత్తలేదు. కానీ తప్పులో సగం నాది, మూడు నీళ్ళు కడగడానికి ఒక పూట పట్టేది. ఇప్పుడు కొత్త సరుకు వస్తే మా ఇంట్లో ముందు నాలిక పరీక్ష.

ఒంగోలులో మీకు ఇంకో తంటా, బోరు నీళ్ళు. కుండీ అంచున తెల్లటి పొర కడుతోందా? ఆ ఉప్పే. పెద్ద మొక్క ఎట్లాగో తట్టుకుంటుంది, నారు తట్టుకోలేదు. నారుకి మాత్రం మున్సిపాలిటీ నీళ్ళు బకెట్టులో పట్టి, రాత్రంతా మూతలేకుండా ఉంచి పోయండి. వానాకాలంలో మిద్దె నీళ్ళు పట్టుకున్నవాళ్ళుంటే వాళ్ళు రాజులు.

ట్రే నారు కొనేవాళ్ళకి రెండు మాటలు. ఎత్తుగా, పచ్చగా ఉన్న నారు చూసి మోసపోకండి. నీడలో సాగిన నారు అట్లా ఉంటుంది, ఎండలో పెట్టిన మర్నాడే తల వంచుతుంది. పొట్టిగా, కాడ కొంచెం ఊదారంగు తిరిగింది తీసుకోండి. నాలాంటివాడు ఏమనుకున్నా ఒక మొక్క లాగి చూపించమనండి. పీట్ ముద్ద విరగకుండా మొత్తం రావాల, చుట్టూ తెల్లటి వేళ్ళు కనపడాల. ముద్ద రాలిపోతే లేత నారు. వేళ్ళు గోధుమరంగు తిరిగి, అడుగున చుట్టలు చుట్టుకుని ఉంటే ముదిరిపోయిన నారు, ఎవరో చెప్పి తీసుకోకుండా పోయింది. మిరప అయితే ముప్పై అయిదు నుంచి నలభై రోజులు. తీగజాతులు పన్నెండు, పదిహేను రోజులు దాటితే వద్దనండి. ఇంటికి తెచ్చాక నాలుగు రోజులు పొద్దుటి ఎండ మాత్రం చూపించి, అయిదో రోజు సాయంత్రం నాటండి. బెండ, గోరుచిక్కుడు ట్రేలో ఎవరు అమ్మినా కొనకండి. వాటి తల్లివేరు కదిలిస్తే అలుగుతుంది. నేరుగా కుండీలో గింజే పెట్టుకోవాల.

ఇప్పుడు కొమ్మల సంగతికి వద్దాం. అమ్మాయీ, ఆ గోనె సంచి ఇట్లా అందుకో.

ఇది మందారం. మా ఇంటి ముందు ఎర్ర ముద్దమందారం. ఈ కొస చూడండి, లేత, వేళ్ళతో నలిపితే నలుగుతుంది. ఇది కుళ్ళుతుంది. ఈ మొదలు కట్టె అయింది, ఇదీ వేరు వేస్తుంది గానీ ఆలస్యం. మధ్యలో ఈ భాగం, పెన్సిలు లావున, పచ్చదనం పోయి బెరడు గోధుమ రంగుకి తిరుగుతున్నది, వంచితే వంగి చివర్లో చిటుక్కుమంటుంది. ఇదీ కావాల్సింది. జానెడు ముక్క. అడుగు కోత కణుపుకి సరిగ్గా కింద, ఏటవాలుగా. పై కోత కణుపుకి వేలెడు పైన, అడ్డంగా. ఆకులన్నీ తీసేయాల, పైన రెండు ఉంచి, వాటిని కూడా సగానికి కత్తిరించాల. ఎందుకు కత్తిరిస్తున్నానో తెలుసా? ఈ ముక్కకి తాగడానికి నోరు లేదు. ఆకు మాత్రం ఊపిరి విడిచినట్టు నీళ్ళు వదులుతానే ఉంటుంది. రాబడి లేనప్పుడు ఖర్చు తగ్గించాల గదా.

మన తీరం పొడుగునా సర్వి తోటలున్నాయి, పైన మెట్టల్లో జామాయిలు. ఇప్పుడు చాలామంది గింజ మొక్క వేయడం లేదు, క్లోన్ మొక్క అంటారు, మంచి చెట్టు రెమ్మ నుంచి తీసిందే. ఆ నర్సరీల్లో ముక్కల్ని ఒక గదిలో పెట్టి కొద్దికొద్దిసేపటికి పొగమంచులాగా నీళ్ళు చిమ్ముతారు. నీళ్ళు పోయడం అనుకుంటారు చాలామంది. మట్టికి కాదు ఆ నీళ్ళు, గాలికి. గాలిలో తడి ఉంటే ఆకు తన నీళ్ళు వదలదు. మీరు మిద్దె మీద అంత హంగు చేయక్కర్లేదు. రెండు లీటర్ల నీళ్ళ సీసా అడుగు కోసి ముక్క మీద బోర్లించండి, మూత తీసి ఉంచండి. ఎండలో మాత్రం పెట్టకండి, లోపల ఉడికిపోతుంది. మెట్ల కింద, ట్యాంకు నీడన, వెలుతురు ఉండి ఎండ తగలని చోట. మట్టి కూడా బలమైంది వద్దు. ఏటి ఇసక సగం, కడిగిన పీట్ సగం. పేడ ఎరువు ఇప్పుడు వేస్తే కోత కుళ్ళుతుంది.

వేరు మందు పొడి, ఐబీఏ అని దుకాణంలో దొరుకుతుంది. మొక్క తన కొసల్లో తయారుచేసుకునే ఆక్సిన్ అనే హార్మోనుకి దగ్గరి బంధువు. ఓట్స్ మొలకల కొసలు కోసి వెంట్ అనే డచ్చి ఆయన ఆ ఆక్సిన్ ఉందని 1920ల్లోనే చూపించాడంట. అది కొమ్మలో పైనుంచి కిందికే దిగుతుంది. అందుకే కొమ్మకి తలా కాళ్ళూ తెలుసు. తలకిందులుగా గుచ్చితే ఊరుకోదు. కోతని తడిపి, పొడిలో అద్ది, దులిపేయండి. ఎక్కువ రాస్తే ఎక్కువ వేళ్ళు రావు, మొదలు నల్లబడుతుంది. మందారానికీ నాటు గులాబీకీ అది లేకపోయినా వస్తాయి.

వెనక నుంచి సారేదో అడుగుతున్నారు... ఆ, "ముక్క చిగురు వేసింది, నెలలోపలే ఎండింది, ఎందుకు?" మంచి ప్రశ్న సార్. కొమ్మలో దాచుకున్న తిండి కొంచెం ఉంటుంది. దాంతో ముందు చిగురు తోసేస్తుంది. మనం వేరొచ్చిందనుకుని సీసా తీసేసి ఎండలో పెడతాం. కింద ఇంకా ఏమీ లేదు. ముందు కోత దగ్గర తెల్లగా బుడిపెలాగా కడుతుంది, ఆ తర్వాత గదా వేళ్ళు. చిగురు చూసి నమ్మకండి. లాగి కూడా చూడకండి! అది ఇంకో జబ్బు మనకి. నెల దాటాక కుండీ అడుగు చిల్లులోంచి చూడండి, తెల్ల వేరు కనపడితే అప్పుడు బయటికి తీయండి.

మల్లెకి ముక్కలు గుచ్చే కష్టం ఎందుకు, అంటు తొక్కండి. తీగ ఒకటి పక్క కుండీలోకి వంచి, కణుపు దగ్గర కింది వైపు బెరడు కొంచెం గీకి, మట్టిలో తొక్కి, పైన రాయి పెట్టండి. తల్లి పాలు తాగుతానే పిల్ల వేరు వేసుకుంటుంది. రెండు నెలల తర్వాత కోసేసుకోవచ్చు. ఎండాకాలం వస్తోందన్న భయం లేని పద్ధతి ఇదొక్కటే.

మునగ కొమ్మ మీటరు పొడుగు, ముంజేతి లావు. కోసిన వెంటనే నాటితే లోపల నీరంతా కుళ్ళుతుంది. నీడలో మూడు రోజులు పడేసి, కోత ఆరాక నాటండి. పై కొసకి పేడ ముద్ద. చిగురు వచ్చేదాకా నీళ్ళు పొదుపు. కుండీలో అయితే కొమ్మ వద్దు, పీకేఎం-1 అనే మునగ రకం గింజ పెట్టుకోండి, అది ఏడాదిలోపలే కాస్తుంది, ఏటా నరుక్కోవచ్చు.

నిమ్మ అడిగారు కదా ఇందాక. గూడూరు, పొదలకూరు నిమ్మ పండు ఎక్కడైనా దొరికితే బాగా పండింది తీసుకుని గింజ తీసి, కడిగి, ఆ రోజే పెట్టండి. నిమ్మగింజ ఆరితే చస్తుంది. డబ్బాలో దాచే సరుకు కాదు. ఒక్క గింజలోంచి రెండు మూడు మొలకలొస్తాయి, అదో విచిత్రం. వాటిలో చాలావరకు తల్లి కణాల నుంచి పుట్టినవి, అచ్చం తల్లి పోలికే. బక్కగా, వేరే తీరుగా ఉన్నది పీకేయండి. కాపుకి మాత్రం అయిదేళ్ళు దాటొచ్చు. అంత ఓపిక లేనివాళ్ళు అంటు మొక్క కొనుక్కోండి, నాకేం కోపం లేదు.

టైమైందంటున్నారు. ఈ సంచిలో మందారం ముక్కలు అరవై దాకా ఉన్నయ్యి, తడి గుడ్డలో చుట్టి తెచ్చా. మనిషికి రెండేసి తీసుకోండి. ఏటవాలు కోత ఉన్నది కాలు, అడ్డం కోత ఉన్నది తల. ఇంటికెళ్ళేదాకా గుడ్డ విప్పకండి. ఈ సాయంత్రమే గుచ్చండి, రేపంటే వద్దు. అమ్మా, మీరు చిక్కుడు గింజలు పెట్టారన్నారే, ఆ కుండీ ఖాళీ చేసి అందులో పెట్టండి.